ఫైర్‌ప్లేస్‌లో స్టవ్ ఇన్సర్ట్ పెట్టిస్తున్నారా? ముందు గొట్టం సంగతి చూడండి

అమెరికాలో చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది ఒకటే ప్రశ్న పంపిస్తున్నారు. "అన్నా, ఇంట్లో పాత ఫైర్‌ప్లేస్ ఉంది. అందులో కట్టెల స్టవ్ ఇన్సర్ట్ పెట్టిస్తే హీటింగ్ బిల్లు తగ్గుతుందా? మనమే పెట్టేసుకోవచ్చా?" అని.

బిల్లు తగ్గుతుంది. రెండో ప్రశ్నకి మాత్రం మా ఇంట్లో జరిగింది చెప్తాను, విని మీరే తేల్చుకోండి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చూస్తున్నవాళ్లు "మాకు ఫైర్‌ప్లేస్ ఎక్కడిది" అని స్కిప్ చేయకండి. చివర్లో మీకూ ఒక మాట ఉంది.

ముందు ఫైర్‌ప్లేస్ అంటే ఏంటో చూద్దాం. సినిమాల్లో చూసి, మంట వెలిగిస్తే ఇల్లంతా వెచ్చగా అయిపోతుంది అనుకుంటాం. నేనూ అదే అనుకున్నా. మాది మసాచుసెట్స్‌లో పాత ఇల్లు, హాల్లో ఇటుకలతో కట్టిన ఫైర్‌ప్లేస్. మొదటి చలికాలం ఉత్సాహంగా కట్టెలు తెచ్చి వెలిగించాం. ముందు కూర్చుంటే మొహం కాలుతోంది, వీపు చల్లగా ఉంది. పక్క గదులైతే మంట పెట్టకముందు కన్నా ఇంకా చల్లబడ్డాయి!

ఎందుకంటే, తెరిచి ఉన్న ఫైర్‌ప్లేస్ ఒక పెద్ద ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాంటిది. వేడి గాలి చిమ్నీలోంచి పైకి పోతుంది. దాంతోపాటు మన హీటర్ కష్టపడి వేడి చేసిన ఇంట్లో గాలినీ లాక్కుపోతుంది. ఆ ఖాళీ నింపడానికి కిటికీ సందుల్లోంచి, తలుపు కిందనుంచి బయటి చల్లగాలి లోపలికొస్తుంది. కట్టెలో ఉన్న వేడిలో మహా అయితే పదో వంతు మనకి దక్కుతుంది, మిగతాదంతా ఆకాశంలోకే.

దీనికి మందే ఇన్సర్ట్. ఫైర్‌ప్లేస్ గూట్లో పట్టేలా చేసిన ఇనుప పొయ్యి. ముందు గాజు తలుపు, లోపల ఫైర్ బ్రిక్స్, గాలి ఎంత వెళ్లాలో తిప్పుకోవడానికి ఒక మీట, పైన సన్న గొట్టాల్లోంచి వేడిగాలి వచ్చి పొగని కూడా మండించే ఏర్పాటు. ఇప్పటి మంచి మోడల్స్ కట్టెలోని వేడిలో 70 శాతం, అంతకన్నా ఎక్కువే ఇంట్లోకి ఇస్తాయి. 2020 మే నుంచి అమెరికాలో కొత్తగా అమ్మే ప్రతి కట్టెల స్టవ్, గంటకి వదిలే పొగ రేణువులు 2 గ్రాములు దాటకూడదు. మామూలు కట్టెలతో టెస్ట్ చేస్తే రెండున్నర గ్రాములు. ఇది ఈపీఏ రూలు.

ఆలోచన కొత్తదేం కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740ల మొదట్లోనే ఫైర్‌ప్లేస్‌లో పెట్టే ఇనుప పెట్టె తయారుచేశాడు. 1744లో దాని గురించి చిన్న పుస్తకం కూడా అచ్చేశాడు. ఐడియా బాగుంది కానీ, అందులో పొగ ముందు కిందకి దిగి ఆ తర్వాత పైకెక్కాలి. చల్లబడ్డ పొగ ఎక్కనంటుంది కదా, గదిలోకి తన్నుకొచ్చేది. తర్వాతివాళ్లు పొగదారి మార్చాకే అది సరిగ్గా పనిచేసింది. అంటే అప్పుడూ తంటా పొయ్యితో కాదు, పొగదారితోనే. ఈ సంగతి నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

సరే, నా తప్పుకి వద్దాం.

రెండో చలికాలం ముందు ఆన్‌లైన్‌లో పాత ఇన్సర్ట్ ఒకటి కనిపించింది. 400 డాలర్లు. కొత్తది వేలల్లో ఉంది. ఇంకేం, ఎగిరి గంతేశా. దాదాపు 400 పౌండ్లు, అంటే 180 కిలోల బరువు. తెలిసిన పనివాడొకాయన ఇంకో ఇద్దర్ని తెచ్చి గూట్లోకి నెట్టేశాడు. చుట్టూ ఖాళీ కనిపించకుండా రేకు బిగించాడు. గంట పని. "పైపు ఏమైనా వేయాలా?" అని అడిగా. "పైన చిమ్నీ ఉందిగా, పొగ తనే పోతుంది" అన్నాడు. నేనూ నమ్మేశా. నమ్మితే డబ్బులు మిగులుతున్నాయి మరి.

ఇలా నెట్టేసి వదిలేసే పనికి ఇక్కడ ఒక పేరే ఉంది, "స్లామర్" అంటారు. ఒకప్పుడు చాలా ఇళ్లలో ఇలాగే చేశారట. నాకు ఆ మాట తర్వాత తెలిసింది.

నెలన్నర బాగానే నడిచింది. ఇల్లు వెచ్చగా ఉంది, బిల్లు తగ్గింది, వాట్సాప్‌లో అందరికీ ఫొటోలు పెట్టా. డిసెంబర్ చివర్లో మా అమ్మ వచ్చింది. మెట్లెక్కలేదని హాలు పక్కనే ఉన్న కింది గదిలో పడుకోబెట్టాం. వారం తిరక్కుండానే పొద్దున్నే తలనొప్పి అనడం మొదలుపెట్టింది. తల తిరుగుతోంది, వికారంగా ఉంది అంది. నేను జెట్‌లాగ్ అన్నా. ఇంకో రెండ్రోజులకి మళ్లీ అంటే, కోవిడ్ టైమ్‌లో కొన్న ఆక్సిమీటర్ వేలికి పెట్టా. 98 చూపించింది. "చూడమ్మా, 98 ఉంది, నీకేం కాలేదు, చలి పడట్లేదంతే" అన్నా. ఆ 98 గురించి తర్వాత చెప్తా, గుర్తుపెట్టుకోండి.

మా అమ్మది తూర్పు గోదావరిలో పల్లెటూరు. ఇంటికి గ్యాస్ వచ్చేదాకా కట్టెల పొయ్యి మీదే వండింది. ఊదుగొట్టం, మసిబట్టిన దూలాలు, కళ్ల మంటలు, అన్నీ తెలిసిన మనిషి. ఒక సాయంత్రం నేను ఇన్సర్ట్‌లో కట్టెలు సర్దుతుంటే పక్కన కూర్చుని చూస్తూ, "ఏరా, దీనికి గొట్టం ఏది?" అంది.

"పైన చిమ్నీ ఉందమ్మా" అన్నా.

"అది గోడలో బొక్కరా. నేను పొయ్యికి గొట్టం ఏదని అడుగుతున్నా. పొగ దీంట్లోంచి దాంట్లోకి ఎలా వెళ్తది? నాకు ఈ గదిలో పొగచూరు వాసనొస్తోంది."

నా దగ్గర సమాధానం లేదు. పనివాడు చెప్పిన మాటే నేను అమ్మకి అప్పజెప్పా. కానీ ఆ ప్రశ్న మాత్రం బుర్రలో ఉండిపోయింది. పడుకునే ముందు ఒక పని చేశా. కింది అంతస్తులో ఉండాల్సిన కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీ అయిపోయి కీచు కీచుమంటుంటే, రెండు నెలల కింద పీకి డ్రాయర్లో పడేశాను. అవునండి, నేనే. దానికి కొత్త బ్యాటరీలు వేసి అమ్మ గది బయట గోడకి పెట్టా. ఎప్పట్లాగే గాలి మీట బాగా తగ్గించి, కట్టెలు రాత్రంతా నెమ్మదిగా కాలేలా చేసి పడుకున్నా.

రాత్రి రెండింటికి అలారం మోగింది.

అమ్మని లేపి, దుప్పటి కప్పి, అందరం బయట కార్లో కూర్చుని 911కి ఫోన్ చేశాం. ఫైర్ డిపార్ట్‌మెంట్ వాళ్లు మీటర్‌తో లోపలికెళ్లారు. ఈ అలారాలు మిలియన్‌కి 70 పాళ్ల కార్బన్ మోనాక్సైడ్ ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగుతాయి. అంటే అది మోగేసరికే అమ్మ చాలాసేపట్నుంచి ఆ గాలి పీలుస్తోందన్నమాట. వాళ్లు నిప్పులు ఇనుప బకెట్లోకి తీసి బయటపెట్టి, కిటికీలన్నీ తెరిచి, చిమ్నీ చూపించేదాకా వెలిగించొద్దన్నారు. అమ్మకి ఆక్సిజన్ పెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్లారు. తెల్లారేసరికి కోలుకుంది.

ఇప్పుడు ఆ 98 సంగతి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే మామూలు ఆక్సిమీటర్ ఈ రెంటికీ తేడా కనిపెట్టలేదు. ఆక్సిజన్ బదులు విషం ఎక్కినా 98 అనే చూపిస్తుంది. నేను ఆ అంకె చూపించి అమ్మ నోరు మూయించాను. ఇది చెప్పడానికి నాకేం గర్వంగా లేదు. మీరు అలా చేయకూడదనే చెప్తున్నా.

తర్వాత చిమ్నీ శుభ్రం చేసే లైసెన్స్ ఉన్నాయన వచ్చి కెమెరా దించాడు. ఆయన చెప్పిన లెక్క మీకూ చెప్తా, సింపులే.

మా ఇన్సర్ట్ నుంచి పొగ బయటికొచ్చే రంధ్రం అడ్డంగా 6 అంగుళాలు. వైశాల్యం దాదాపు 28 చదరపు అంగుళాలు. మా చిమ్నీ లోపల 12 బై 12, అంటే 144. ఐదు రెట్లు! బయటి గోడకి ఆనుకున్న చిమ్నీ అయితే రెండు రెట్లు, ఇంటి మధ్యలో ఉండేదైతే మూడు రెట్లు దాటకూడదని ఎన్ఎఫ్‌పీఏ 211 అనే ప్రమాణం చెప్తుంది. మాది బయటి గోడకే ఉంది, మంచులో గడ్డకట్టి ఉంటుంది. సన్న కాలవలో గబగబా పారే నీళ్లు చెరువులోకి రాగానే నిలబడిపోతాయి చూశారా, పొగా అంతే. అంత పెద్ద చల్లని గూట్లోకి రాగానే వేగం తగ్గి, చల్లబడి, పైకి పోయే బలం పోతుంది. దానికితోడు నేను రాత్రి గాలి తగ్గించా, మంట ఇంకా నీరసించింది. ఆ టైమ్‌లో కిచెన్ ఎగ్జాస్టో బట్టల డ్రైయరో వేస్తే ఇంట్లోకి గాలి కావాలి. దగ్గర్లో ఉన్న దారి చిమ్నీయే. పొగ వెనక్కి తిరిగి, రేకు సందుల్లోంచి గదిలోకొచ్చింది.

రెండోది క్రియోసోట్. పొగ సుమారు 120 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లబడితే అందులోని తారు ఆవిరి గోడలకి పేరుకుంటుంది. మా చిమ్నీలో అప్పటికే నల్లగా, గాజులా మెరుస్తూ ఉంది. అది బ్రష్‌కి రాదు. అంటుకుంటే మాత్రం చిమ్నీలోనే మంట వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. లోపలి మట్టి పలకల్లో రెండుచోట్ల పగుళ్లు కూడా కనిపించాయి. ఆ పగుళ్ల వెనక ఇటుక, ఇటుక వెనక ఇంటి చెక్క. ఇక మీరే ఊహించుకోండి.

మరి సరిగ్గా ఎలా పెట్టాలి? మేం రెండోసారి చేసిన వరసలోనే చెప్తా.

మొదటిది, తనిఖీ. ఇల్లు కొన్నప్పుడు, చిమ్నీకి కొత్త పొయ్యి తగిలించేటప్పుడు లెవెల్ 2 తనిఖీ చేయించాలి. అంటే కెమెరా దించి చూడటం. తర్వాత క్రియోసోట్ మొత్తం తీయించాలి.

రెండోది, కొలతలు. గూటి ముందు వెడల్పు, వెనక వెడల్పు, ఎత్తు, లోతు. గూడు వెనక్కి వెళ్లేకొద్దీ ఇరుకవుతుంది, అందుకే రెండు వెడల్పులూ కావాలి. పొయ్యి ముందు మండని అరుగు ఎంత ఉందో చూడండి. సాధారణంగా ముందుకి 16 అంగుళాలు, పక్కలకి 8 అంగుళాలు కావాలి. పైన చెక్క మ్యాంటెల్ ఉంటే ఎంత దూరంలో ఉండాలో ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది. మాన్యువల్ చెప్పిందే ఫైనల్.

మూడోది, పర్మిట్. ఊరి బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ నుంచి తీసుకోవాలి. ఇక్కడే నా 400 డాలర్ల బేరం తేలిపోయింది. దాని వెనక ఉండాల్సిన లేబుల్ ప్లేట్ లేదు, మాన్యువల్ లేదు. లేబుల్ లేనిదానికి పర్మిట్ ఇవ్వమన్నారు. పాత ఇనుముకి వేసేశాం. ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా ముందే చెప్పండి. చెప్పకపోతే రేపు ఏదైనా జరిగినప్పుడు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడతారు.

నాలుగోది, అసలు విషయం, లైనర్. అదే మా అమ్మ అడిగిన గొట్టం. వంగే స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టం, ఇన్సర్ట్ రంధ్రం ఎంతో అదే సైజు, మాకు 6 అంగుళాలు. దానికి చుట్టూ ఇన్సులేషన్ దుప్పటి చుట్టి, ఇంటి కప్పు మీదనుంచి చిమ్నీలోకి దించుతారు. పైన ఒకళ్లు, కింద ఒకళ్లు. పాత డ్యాంపర్ రేకు అడ్డొస్తే కోసి దారి చేస్తారు. ఇన్సులేషన్ ఎందుకంటే, పొగ పై చివరిదాకా వేడిగా ఉండాలి. వేడిగా ఉంటే బలంగా లాగుతుంది, తారు తక్కువ పేరుకుంటుంది.

ఐదోది, డ్యాంపర్ ఉండే చోట గొట్టం చుట్టూ ఖాళీని రేకుతో మూసి, పైన రాక్‌వూల్ పెట్టడం. దీన్ని బ్లాక్ ఆఫ్ ప్లేట్ అంటారు. చాలామంది ఇది వదిలేస్తారు. వదిలేస్తే ఇన్సర్ట్ వేడంతా చిమ్నీ గూట్లోకే పోతుంది.

ఆరోది, పైన ప్లేట్ బిగించి, సీల్ చేసి, వాన పడకుండా టోపీ. చిమ్నీ ఎత్తుకి ఒక లెక్కుంది. కప్పులోంచి బయటికొచ్చిన చోటునుంచి కనీసం 3 అడుగులు ఉండాలి, చుట్టూ 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి.

ఆఖర్న ఇన్సర్ట్ లోపలికి జరిపి, గొట్టానికి స్క్రూలతో బిగించి, అప్పుడు ముందు రేకు పెడతారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాకే వెలిగించాలి. మాకు అన్నీ కలిపి 6 వేల డాలర్లు దాటింది. అందులో గొట్టం, దాని పనే మూడో వంతు. బయటికి ఒక్క అంగుళం కూడా కనిపించదు. ఫొటో తీసి పెట్టుకోవడానికి పనికిరాదు. ఇంట్లో మనుషుల్ని కాపాడేది అదే.

ఇక కట్టెలు. కొత్త ఇన్సర్ట్‌లో పచ్చికట్టె పెడితే ఇంత ఖర్చూ దండగే. తేమ 20 శాతం లోపుండాలి. ఓక్ లాంటి గట్టి కర్ర చీల్చి ఆరబెట్టాక ఏడాది నుంచి రెండేళ్లు పడుతుంది. ఇక్కడ కట్టెలు కార్డ్ లెక్కన అమ్ముతారు, 128 ఘనపుటడుగులు. "బాగా ఎండినవే" అని అమ్మేవాడు అన్నాడు. మా అమ్మ రెండు కట్టెలు తీసి ఒకదానికొకటి కొట్టింది. "ఎండిన కట్టె టంగుమంటదిరా, ఇది దబ్బుమంటోంది. ఇది పచ్చిది" అంది. నేను మీటర్ తెచ్చి, ఒక కట్టెని చీల్చి లోపలివైపు గుచ్చి చూశా. 31 శాతం! ఆ లోడు వచ్చే ఏడాదికని షెడ్డులో పేర్చేసి, వేరే చోట ఎండినవి తెచ్చాం.

మొదటి రెండుమూడు సార్లు చిన్న మంటలే పెట్టాలి, పెయింట్ గట్టిపడాలి కాబట్టి. అప్పుడు కొంచెం వాసనొస్తుంది, కిటికీ తీసి పెట్టుకోండి. తర్వాత ఎప్పుడూ గాలి పూర్తిగా బిగించి రాత్రంతా పొగబెట్టొద్దు. బూడిదలో నిప్పు రోజుల తరబడి దాక్కుని ఉంటుంది, మూతున్న ఇనుప బకెట్లో వేసి ఇంటికి దూరంగా పెట్టండి. ఏడాదికోసారి చిమ్నీ చూపించండి. అలారాలు ప్రతి అంతస్తులో, పడకగదుల బయట ఉండాలి. అలారం కీచుమంటే పీకేయడం కాదు, బ్యాటరీ మార్చండి.

ఇప్పుడు ఇండియాలో ఉన్నవాళ్లకి. మీకు ఇన్సర్ట్ లేకపోవచ్చు. బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉందా? దాని పొగ బయటికి పోయే గొట్టం ఏది? వెంటిలేటర్‌కి చలికని అట్టముక్క అడ్డం పెట్టారా? లంబసింగికో అరకుకో వెళ్లినప్పుడు గది తలుపులేసుకుని లోపల బొగ్గుల కుంపటి పెట్టుకుంటున్నారా? అదే గ్యాసు, అదే తలనొప్పి, అదే నిద్ర. ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికెళ్తే తగ్గిపోతుంటే అది జలుబు కాదు. వెంటనే బయటికి రండి.

అమ్మ మార్చిదాకా ఉండి వెళ్లింది. కొత్త పొయ్యి వెలిగించిన రోజు తను పక్కనే కూర్చుని, గాజులోంచి మంట చూసి, గది వాసన చూసి, "ఇప్పుడు పొగచూరు లేదు" అంది. ఇన్‌స్పెక్టర్ సంతకం ముందే అయిపోయింది. నాకు మాత్రం ఆ మాట విన్నాకే నిద్రపట్టింది.

ఇన్సర్ట్ కొనేముందు షాపువాణ్ని మోడల్ గురించి, రంగు గురించి తర్వాత అడగొచ్చు. ముందు మా అమ్మ ప్రశ్న అడగండి: "దీనికి గొట్టం ఏది?" సరైన సమాధానం రాకపోతే అక్కడ్నుంచి వచ్చేయండి.

మీ ఇంటి ఫైర్‌ప్లేస్ కొలతలు, చిమ్నీ బయటి గోడకా లోపలా అనేది కామెంట్స్‌లో పెట్టండి, నాకు తెలిసినంతవరకు చెప్తా. వచ్చే ఎపిసోడ్‌లో కట్టెలు పేర్చి ఆరబెట్టడం ఎలాగో చూద్దాం. ఈలోపు వెళ్లి మీ ఇంట్లో అలారం టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి. ఉంటానండి, నమస్తే.